మగ్గులో నీళ్ళు

బంతి ఆ రోజు పారిపోలేదు.

మామూలుగా అయితే గురువారం పొద్దున్న లిఫ్టు దగ్గర కుక్కలమ్మ చెప్పుల చప్పుడు వినపడటం ఆలస్యం, బంతి మంచం కిందికి దూరుతుంది. అక్కణ్ణుంచి బల్ల కిందికి, అక్కణ్ణుంచి సెక్రటరీ గారి కాళ్ళ మధ్యకి. "రావమ్మా మహారాణీ, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అని ఆవిడ బతిమాలడం, "అటు కాదు, ఇటు పట్టుకో, ఇటు" అని ఆయన కేకలెయ్యడం, ఐదో అంతస్తంతా పావుగంట సేపు గోల గోల. ఆ రోజు అదేం లేదు. బంగారు రంగు బొచ్చు నేలమీద పరిచినట్టు పడుకున్న కుక్క పడుకున్నట్టే ఉంది. తోక చివర మాత్రం మర్యాదకి రెండుసార్లు కదిలింది.

"ఏమే, అలిగావా?" అంది కుక్కలమ్మ, సంచి కింద పెడుతూ.

ఆ బిల్డింగులో పదకొండు ఇళ్ళలో కుక్కలకి స్నానం చేయించి, దువ్వి, గోళ్ళు కత్తిరించి, పిడుదులు ఏరే మనిషి ఆవిడ. కుక్కలమ్మ అని మొదట ఎవరన్నారో గానీ ఆ పేరు కాస్తా అతుక్కుపోయింది. కొత్తలో ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు ఫోన్లో కూడా "నేనండీ, కుక్కలమ్మని" అని తనే చెప్పుకుంటుంది.

కుక్క పక్కన చతికిలబడి, పెదవి పైకెత్తి చూసింది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. వెల్లకిలా తిప్పి పొట్టమీద బొచ్చు పాయలు తీసింది. చర్మం మీద ఎర్రగా, సూదితో పొడిచినట్టు చుక్కలు.

"సార్, ఇవాళ స్నానం వద్దు. ఇది జ్వరంతో కాలిపోతోంది."

సెక్రటరీ గారు గుమ్మంలోనే నిలబడ్డారు. రిటైరైన మనిషి, భార్య పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఉన్నది ఆయనా, బంతీ. బిల్డింగులో ఎవరు కారు అడ్డంగా పెట్టినా, ఎవరి కుళాయి కారినా గొంతు పెంచి మాట్లాడే ఆయన, కుక్క విషయం వచ్చేసరికి గొంతు తగ్గించేశారు.

"నిన్నట్నుంచీ ఏం తినలేదు. ఎండకేమో అనుకున్నాను. పోనీ ఒకసారి ఏరి చూస్తావా?"

ఏరడంలో ఆవిడకి సాటి లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. కొందరు పిడుదుని గిల్లి లాగుతారు, తల లోపలే ఉండిపోయి పుండవుతుంది. ఈవిడ చిన్న పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుంటుంది, మెలితిప్పదు, తొందరపడదు, నిటారుగా పైకి లాగుతుంది. చెవి మడతల్లో, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో, గొలుసు కింద మెడ చుట్టూ. నెత్తురు తాగి బూడిదరంగు గింజల్లా ఉబ్బిన ఆడ పిడుదుల్ని చిట్లనివ్వకుండా తీయడమే అసలు పనితనం. తీసినదాన్ని తీసినట్టు పక్కనున్న సొట్ట స్టీలు మగ్గులో వేసింది. సగం దాకా నీళ్ళు. ఒక్కొక్కటీ బుడుంగుమని కిందికి దిగిపోయింది.

"ఎక్కణ్ణుంచి వస్తున్నాయి ఇవన్నీ?" అన్నారాయన. "పోయిన వారమే కదా మొత్తం తీసేశావు."

"అదే నాకూ తెలియట్లేదు సార్. ఒక్క మనకే కాదు, అన్ని ఇళ్ళలోనూ ఇదే వరస. మీరు మాత్రం ఆలస్యం చెయ్యకండి, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. ముక్కులోంచి నెత్తురు వచ్చిందా?"

"పొద్దున్న ఒక చుక్క. తుమ్మింది."

ఆవిడ మళ్ళీ ఒకసారి చిగుళ్ళు చూసింది. కిందటి నెల రెండో అంతస్తులో దొర అనే ముసలి కుక్క పోయింది. దానిక్కూడా ముందు ఒక చుక్కే.

పని అయ్యాక నీళ్ళు చిందకుండా మగ్గు పట్టుకుని లిఫ్టులో కిందికి దిగింది. ఎవరింట్లో ఏరిన పిడుదుల్ని ఆ ఇంటి బాత్రూములో వదలకపోవడం ఆవిడ నియమం. చూస్తే ఇంటివాళ్ళు కెవ్వుమంటారు, పైగా అది శుభ్రమైన పని కాదు. కింద లిఫ్టు పక్కన, మాపులు పిండుకునే కుళాయి ఉంది. కుళాయి కింద జాలీ వేసిన తూము. అక్కడ మగ్గు బోర్లించి, దాన్ని మూడుసార్లు కడిగి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటే ఆ ఇంటి పని అయినట్టు లెక్క. నాలుగేళ్ళుగా అదే పద్ధతి.

గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ ఫ్లాస్కులోంచి టీ పోసి అందించాడు. ఆయన స్టూలు పక్కన, నల్ల ఒంటిమీద ఒకే ఒక్క తెల్ల చెవితో కొసరు కూర్చుని ఉంది. ఆయన ఉద్యోగంలో చేరిన రోజున ఒక స్టూలు, ఒక గొడుగు, ఒక తాళాలగుత్తి ఇచ్చారట. వాటితోపాటు గేటు దగ్గర ఎవరూ ఇవ్వని ఈ కుక్కపిల్ల కూడా దొరికింది. అందుకే కొసరు.

"మొహం అలా పెట్టావేం తల్లీ?" అన్నాడు.

"బంతికి బాగోలేదు బాబాయ్."

"అయ్యో" అన్నాడాయన. నిజంగానే అన్నాడు.

*

శుక్రవారం పొద్దున్నే సెక్రటరీ గారి దగ్గర్నుంచి ఫోను. కుక్కని పట్టుకోవడానికి తోడు రావాలట. సూదంటే బంతికి కాదు, ఆయనకే భయం.

పశువుల ఆసుపత్రిలో స్టీలు బల్లమీద బంతిని పక్కకి పడుకోబెట్టి, కుక్కలమ్మ దాని తలని తన మోచేతి మడతలో పెట్టుకుంది. డాక్టరమ్మ చిన్న వయసుది, మాట నెమ్మది, చెయ్యి గట్టిది. చెవి కొస దగ్గర బొచ్చు గీసి, సూదితో పొడిచి, వచ్చిన ఒక్క చుక్కని గాజుపలక మీద సన్నగా పామింది. ఇంకాస్త నెత్తురు ముంగాలి నుంచి గొట్టంలోకి తీసింది. లోపలికెళ్ళి మైక్రోస్కోపు ముందు చాలాసేపు కూర్చుంది. సెక్రటరీ గారు గోడమీద కుక్కజాతుల పటం మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు.

"పిడుదు జ్వరమే" అంది డాక్టరమ్మ బయటికొచ్చి. "ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. అందుకే ముక్కులోంచి నెత్తురు, పొట్టమీద చుక్కలు. ఇవాళ్టికి సెలైను, ఇంజక్షను. నెల రోజులు మాత్రలు. రెండు రోజుల్లో లేచి తిరుగుతుంది, తగ్గిపోయిందని మాత్రం మాత్రలు ఆపకండి."

"బతుకుతుందా?" అన్నారు సెక్రటరీ గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి బంతి వెనక్కాలి మీద ఉంది.

"రేపు, ఎల్లుండి గడిస్తే ధైర్యంగా చెప్తాను. మీ బిల్డింగు నుంచి ఇది నాలుగో కేసు. ముందు అవి ఎక్కడ పెరుగుతున్నాయో చూసుకోండి. పిడుదులు కుక్క ఒంటిమీద ఉండేది కొద్ది రోజులే. మిగతా కాలమంతా గోడ పగుళ్ళలో, తలుపుల సందుల్లో ఉంటాయి. కడుపు నిండిన ఆడ పిడుదు ఒక్కటి చాలు, వేల గుడ్లు పెడుతుంది."

ఆయన తల ఊపారు గానీ, విన్నది నాలుగో కేసు అన్నంతవరకే. మిగతాది ఆయన మనసులో అప్పటికే తీర్మానమైపోయింది. మధ్యాహ్నానికల్లా లిఫ్టు పక్కన బోర్డు మీద కాగితం వెలిసింది. 'వాచ్‌మన్ పెంచుకుంటున్న వీధికుక్క వల్ల పెంపుడు కుక్కలకు ప్రాణాంతకమైన జ్వరాలు వస్తున్నందున, ఆదివారం ఉదయం పది గంటలకు దానిని వ్యానులో తరలించడమైనది.' ఇంకా తరలించలేదు, అయినా రాతలో అప్పుడే తరలించేశారు.

కుక్కలమ్మ అది చదివి నేరుగా గేటు దగ్గరికి వచ్చింది. బాబాయ్ కొసరు మెడకి కొత్త తాడు కడుతున్నాడు.

"ఇదెందుకు?"

"కట్టెయ్యమన్నారు. లేదంటే ఇద్దర్నీ పంపిస్తామన్నారు." ముడి సరిగ్గా పడక విప్పి మళ్ళీ వేశాడు. "ఎనిమిదేళ్ళలో దీని మెడకి తాడు కట్టడం ఇదే మొదలు."

"నువ్వేం అనలేదా బాబాయ్?"

"ఏమంటాను? ఆయన కళ్ళు చూశావా? కుక్క పోతుందేమోనని ఏడుస్తున్న మనిషితో, నా కుక్క మంచిదండీ అని వాదిస్తామా?"

కుక్కలమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆవిడకి కోపం రావడం తక్కువ, వస్తే మాత్రం చేతులు ఊరికే ఉండవు. తాడు ముడి తనే తీసి వదులుగా వేసింది.

"ఈ కుక్క గేటు దాటి ఒక్క అడుగు లోపల పెట్టిందా ఎప్పుడైనా? పెట్టనిచ్చారా? గేటు దగ్గర కూర్చున్న కుక్క ఐదో అంతస్తుకి పిడుదుల్ని ఎలా మోసుకెళ్తుందట, పార్సెల్లోనా? నువ్వు ఊరుకో బాబాయ్. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నేను తేలుస్తాను. తేల్చి ఆదివారం అందరి ముందూ చూపిస్తాను."

"నీకెందుకమ్మా ఈ గొడవ?"

"నాక్కాకపోతే ఎవరికి? ఈ బిల్డింగులో పిడుదుల సంగతి నాకన్నా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

*

శనివారం పొద్దున్న వస్తూనే కొసరుని ముందేసుకుని కూర్చుంది. తెల్ల చెవి నుంచి మొదలుపెట్టి తోక దాకా, సన్నపళ్ళ దువ్వెనతో, వేలి కొసలతో, ఒక్క అంగుళం వదలకుండా గంటసేపు వెతికింది. కొసరుకి ఇదంతా పండగలా ఉంది, కళ్ళు మూసుకుని ఒక్కో కాలే చాపి ఇచ్చింది. గంటకి దొరికినవి మూడు. అవీ ఆవగింజంత.

"చూశావా!" అంది గెలిచినట్టు. "బంతి ఒక్క చెవిలో ఇంతకు నాలుగింతలు ఉంటాయి. ఇదెలా సాధ్యం బాబాయ్, వీధిలో ఉండే కుక్కకి?"

"రోజూ సాయంత్రం నేను ఏరుతాగా. ఒకటో రెండో ఉంటాయి." స్టూలు కింద నుంచి మూత ఉన్న చిన్న రేకుడబ్బా తీశాడు. తెరవగానే కిరసనాయిలు వాసన. "ఇందులో వెయ్యి."

"నా పద్ధతి నాది" అని ఆవిడ మూడింటినీ తన మగ్గులో వేసింది. "నీళ్ళు చాలు. ఊపిరాడక చస్తాయి."

"ఏమో తల్లీ, నాకు నీళ్ళంటే అంత నమ్మకం లేదు" అని డబ్బా మూత పెట్టేశాడాయన. వాదించే మనిషి కాదు.

ఆవిడ మనసంతా వేరే లెక్కలో ఉంది. జ్వరం వచ్చిన కుక్కలు నాలుగు. రెండో అంతస్తు, మూడు, ఐదు, మళ్ళీ రెండు. ఒకదానితో ఒకటి ఆడుకునేవి కావు, వాకింగు వేళలు వేరు. నాలుగూ అడుగుపెట్టే చోటు ఏదైనా ఉందంటే అది లిఫ్టు. కొసరు అడుగుపెట్టని చోటు కూడా అదే. ఆలోచిస్తుంటే తనమీద తనకే ముచ్చటేసింది. పోలీసులు కూడా ఇంత బాగా పట్టరు అనుకుంది.

మగ్గు చేత్తో పట్టుకునే లోపలికి నడిచింది. లిఫ్టు ముందు కుక్కలు నిలబడి ఎదురుచూసే చోట గోడని ఫోను లైటుతో కింది నుంచి పైకి చూసుకుంటూ వచ్చింది. నేల దగ్గర ఏమీ లేదు. కుళాయి వైపు జరిగింది. తడికి ఉబ్బి, పెచ్చులు లేచిన సిమెంటు. ఒక పెచ్చు వేలితో కదిపితే ఊడి వచ్చింది.

వెనక గోడ కదులుతోంది.

గోడ కాదు. ఆవపిండి చల్లినట్టు సన్నటి చుక్కలు, వందలు, వేలు, అన్నీ పాకుతున్నాయి. పగులు లోపల గోధుమరంగు ముద్దలు, గుడ్లు. కొన్ని పెద్దవి, గుడ్లు పెట్టి ఎండిపోయి చచ్చిపడినవి. ఒళ్ళు జలదరించి వెనక్కి జరిగింది, వెంటనే సంతోషం పొంగింది. దొరికింది! బాబాయ్‌ని కేకేసి పిలుద్దామని నోరు తెరిచింది. చూపించి, డాక్టరమ్మని పిలిపించి, నోటీసు ఎవరు అంటించారో వాళ్ళ చేతే చింపించాలి.

ముందు చేతిలో మగ్గు ఖాళీ చెయ్యాలి కదా. అలవాటు కొద్దీ తూము జాలీ మీద మగ్గు వంచబోయింది.

వంచబోయి ఆగింది.

మగ్గు లోపలి అంచున, నీటికి పైన, ఇందాక వేసిన మూడు పిడుదుల్లో ఒకటి నడుస్తోంది. తీరిగ్గా, ఒక్కో కాలూ ముందుకేస్తూ, సొట్ట దగ్గర కాసేపు ఆగి, మళ్ళీ బయల్దేరింది. కుక్కలమ్మ మగ్గు వైపు చూసింది. తూము వైపు చూసింది. తూము నుంచి గోడకి ఉన్న దూరం చూసింది. జానెడు.

ఇంకా పది నిమిషాలే కదా అయింది, చావడానికి టైము పట్టదా అనుకుంది. అలా అనుకోవడం ఆవిడకి చాలా అవసరమైంది. మగ్గుమీద ప్లాస్టిక్ కవరు కట్టి, రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకుంది. బాబాయ్‌ని పిలవలేదు. గేటు దగ్గర ఆయన "ఏమైనా తేలిందా?" అంటే "చూస్తున్నా బాబాయ్" అని తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

*

ఇంటి దగ్గర కిటికీలో పెట్టిన మగ్గుని ఆ రోజంతా మళ్ళీ ముట్టుకోలేదు. రాగానే మాత్రం నీటిపైకి పాకిన దాన్ని పట్టుకారుతో మళ్ళీ ముంచి, గాజు మూత బోర్లించి అదిమి పెట్టింది. మధ్యలో పని చేసుకుంటూనే అటు చూస్తుంది, చూడనట్టు ఉంటుంది.

ఆదివారం తెల్లారి మూత తీసేసరికి మూడూ అడుగున కాళ్ళు ముడుచుకుని పడి ఉన్నాయి. అమ్మయ్య అనుకుంది. వాటిని వార్తాపత్రిక మీదికి వంపి, కిటికీలో ఎండ పడేచోట పెట్టి టీ పెట్టుకోవడానికి వెళ్ళింది.

"ఏమేవ్!" అని అత్తగారు కేకేసింది. "ఇవేంటే, కుక్కలకి చాలక వీటిక్కూడా స్నానం చేయించి తెచ్చావా? ఒళ్ళు ఆరబెట్టుకుని షికారుకి బయల్దేరాయి!"

కుక్కలమ్మ వచ్చి చూసింది. మూడూ పత్రిక అంచుదాకా వచ్చేశాయి.

అత్తగారు చెప్పు తీసి మూడింటి పనీ పట్టింది. తర్వాత కోడలి మొహం చూసి, చెప్పు కింద పడేసి పక్కన కూర్చుంది. కుక్కలమ్మ నోరు విప్పి మొత్తం చెప్పింది. నాలుగేళ్ళుగా వారానికి పదకొండు ఇళ్ళు. బాగా ఉబ్బినవాటిని, చిట్లకుండా, ఎంతో నేర్పుగా తీసి, ప్రాణంతో పట్టుకెళ్ళి లిఫ్టు పక్కన గోడ దగ్గర దింపి వచ్చింది. గిల్లి చంపేసేవాళ్ళే నయం.

"నేను నీళ్ళలో పడితే చస్తాను కాబట్టి అవీ చస్తాయనుకున్నానత్తా. ఒక్కసారైనా ఎవర్నైనా అడిగితే కదా. దొర నా చేతుల్లోనే ముసలిదయింది. స్నానం చేయిస్తే నా భుజం మీద గడ్డం పెట్టి నిద్రపోయేది." ఇంక మాట రాలేదు. ఏడ్చేసింది.

అత్తగారు కాసేపు ఏడవనిచ్చింది. ఆవిడ మాట కరుకు, బుర్ర చురుకు.

"సరే, ఇప్పుడు నా మాట విను. వెళ్ళి గోడ చూపించు. గోడలో ఉన్నాయి సార్ అను. అంతవరకు నిజమే కదా? ఎలా వచ్చాయని నిన్నెవరూ అడగరు. ఆ కుక్కా బతుకుతుంది, నీ పనీ నిలబడుతుంది. రేపట్నుంచి నీళ్ళు మానెయ్యి. పదకొండు ఇళ్ళు పోగొట్టుకుని ఎవర్ని ఉద్ధరిస్తావు?"

అదీ నిజమే అనిపించింది కుక్కలమ్మకి. చాలా నిజమనిపించింది. మొహం కడుక్కుని, జడ వేసుకుని, డాక్టరమ్మకి ఫోన్ చేసి పది గంటలకి ఒకసారి రాగలరా అని అడిగింది. గోడ చూపిస్తాను, అంతే అని మెట్లు దిగుతూ రెండుసార్లు అనుకుంది. అయినా మగ్గు మళ్ళీ సంచిలో ఎందుకు పెట్టుకుందో, అందులో పత్రిక మీద చితికినవాటిని ఎందుకు వేసుకుందో ఆవిడకే తెలియదు.

*

వ్యాను పదికి అయిదు నిమిషాల ముందే వచ్చింది. వ్యాను మనిషి ఉచ్చు కర్ర గోడకి ఆనించి, కొసరుని చూసి "ఇదేనా? దీనికి కర్ర కూడా అక్కర్లేదు" అన్నాడు. కొసరు ఆయన చెయ్యి వాసన చూసి తోక ఊపింది. బాబాయ్ దాని మంచినీళ్ళ గిన్నె కడిగి, తుడిచి, సంచిలో పెట్టి సిద్ధంగా పట్టుకున్నాడు. అక్కడెలాంటి గిన్నెలుంటాయో ఏమో అని.

సెక్రటరీ గారు గడ్డం గీసుకోలేదు. డాక్టరమ్మ స్కూటరు దిగగానే ఎదురెళ్ళి, "రాత్రి నాలుగు చెంచాల నీళ్ళు తాగింది" అన్నారు, పరీక్ష పాసైన పిల్లాడి గురించి చెప్పినట్టు.

కుక్కలమ్మ వాళ్ళని లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళి పెచ్చు తీసి చూపించింది. సెక్రటరీ గారు "బాబోయ్" అని రెండడుగులు వెనక్కి వేశారు. డాక్టరమ్మ వంగి, దగ్గరగా చూసింది.

"ఇదే అసలు పుట్టిల్లు. అన్నీ ఇక్కణ్ణుంచే ఎక్కుతున్నాయి. గోడకి మందు కొట్టించి, పగుళ్ళు పూడ్చాలి. ఆ కుక్కని పంపినంత మాత్రాన ఇవి పోవు సార్."

అయిపోయింది, ఇంక చాలు అనుకుంది కుక్కలమ్మ. ఊపిరి పీల్చుకుంది.

"పూడ్పిస్తాను" అన్నారు సెక్రటరీ గారు. గోడ వైపు చూస్తూనే ఉన్నారు. "ఇవాళే పూడ్పిస్తాను. కానీ వీటిని ఇక్కడికి మొదట తెచ్చింది ఎవరు? ఈ కుక్క కాకపోతే ఇంకేం తెస్తుంది? పూడ్చాక మళ్ళీ తెస్తుంది. వద్దు. అది వెళ్ళాల్సిందే."

గేటు దగ్గర నుంచి వ్యాను మనిషి "ఎక్కించమంటారా, ఇంకా టైము పడుతుందా?" అని అరిచాడు.

అక్కడే బాబాయ్ కొసరు పక్కన వంగాడు. తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. మొన్న కుక్కలమ్మ వదులుగా వేసిన ముడే అది, తేలిగ్గా వచ్చేసింది.

"అది తేలేదు సార్" అంది కుక్కలమ్మ. "నేను తెచ్చాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ సంచిలోంచి మగ్గు తీసి పట్టుకుంది.

"మీ ఇంట్లో, అందరిళ్ళలో ఏరినవన్నీ ఇందులో నీళ్ళలో వేసి, తెచ్చి ఈ తూములో పోస్తాను. నాలుగేళ్ళుగా. నీళ్ళలో చస్తాయనుకున్నాను. చావవు సార్. నిన్న పొద్దున్న మూడు వేసి, ఇవాళ తెల్లారిందాకా ముంచి ఉంచాను. ఎండలో పెడితే లేచి నడిచాయి. మా అత్త చెప్పుతో కొడితే గానీ చావలేదు. నమ్మకపోతే చూడండి."

సెక్రటరీ గారు మగ్గులోకి చూశారు. మొన్న తన గుమ్మంలో నిలబడి బుడుంగు బుడుంగుమని విన్న మగ్గు అది.

"డాక్టరమ్మా, ఇది నిజమేనా?"

"నీళ్ళలో రోజుల తరబడి బతుకుతాయి. స్పిరిటులోనో, కిరసనాయిల్లోనో వెయ్యాలి." డాక్టరమ్మ కుక్కలమ్మ వైపు తిరిగింది. "మొత్తం మీవల్లే అని నేను చెప్పలేను. మీవల్ల కాదని కూడా చెప్పలేను. ఇన్నిసార్లు వచ్చారు నా దగ్గరికి, ఏరినవి ఏం చేస్తున్నారని నేనూ ఒక్కసారి అడగలేదు."

"దొర..." అన్నారు సెక్రటరీ గారు.

"నిన్నట్నుంచీ నేనూ అదే అనుకుంటున్నాను సార్" అంది కుక్కలమ్మ.

ఆయన అరుస్తారని అందరూ అనుకున్నారు. అరిచినా బాగుండేది. ఆయన బోర్డు మీద కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"వ్యాను వెళ్ళిపోవచ్చని చెప్పండి" అన్నారు. తర్వాత, ఆవిడ మొహం చూడకుండా, "నువ్వు కూడా. ఇంక లోపలికి రాకు" అన్నారు.

*

సోమవారం గోడకి మందు కొట్టారు. మంగళవారం తాపీమేస్త్రీ వచ్చి పగుళ్ళు పూడ్చాడు. అదే రోజు బోర్డు మీద కొత్త కాగితం పెట్టారు, 'కుక్కలకు స్నానం చేయించే ఆమెను లోపలికి అనుమతించరాదు' అని. అంటించింది బాబాయే. గేటు దగ్గర ఆపాల్సింది కూడా ఆయనే.

బుధవారం కుక్కలమ్మ వచ్చింది. రాకుండా ఉండాలని సోమవారం ఉంది, మంగళవారం ఉంది. మూడో రోజు కాళ్ళు ఊరుకోలేదు. బంతి ఎలా ఉందో ఒక్క ముక్క కనుక్కుని పోదామని గేటు బయటే ఆగింది.

"లోపలికి పంపకూడదన్నారు తల్లీ" అన్నాడు బాబాయ్, చాలా ఇబ్బందిగా.

"తెలుసు బాబాయ్. రాను. బంతి..."

"ఆగు." గదిలోకి వెళ్ళి రెండో స్టూలు తెచ్చి తన స్టూలు పక్కన, సరిగ్గా గేటు గీత మీద వేశాడు. "గేటు దగ్గర కూర్చోకూడదని రాయలేదు. నేనే కదా అంటించింది, రెండుసార్లు చదివాను."

ఆవిడ కూర్చుంది. నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళు కూడా చెమర్చాయి. కొసరు వచ్చి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించింది. మెడకి తాడు లేదు. లోపలికి ప్రవేశం లేనివాళ్ళు ఇప్పుడు ఇద్దరయ్యారు. బాబాయ్ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు.

సగం తాగిందో లేదో, లిఫ్టు తెరుచుకున్న చప్పుడు. సెక్రటరీ గారు గొలుసు పట్టుకుని మెల్లగా వస్తున్నారు, బంతి ఇంకా మెల్లగా. చిక్కిపోయింది, బొచ్చు మెరుపు తగ్గింది, కానీ నాలుగు కాళ్ళ మీదా నడుస్తోంది. కుక్కలమ్మని చూసి ఒక్క క్షణం ఆగింది. అలవాటుగా పారిపోవాలా వద్దా అని ఆలోచించినట్టుంది. తర్వాత గొలుసు లాక్కుంటూ వచ్చి ఆవిడ ఒళ్ళో మూతి దూర్చింది. కుక్కలమ్మ రెండు చేతులూ గాల్లోనే ఉంచుకుంది. ముట్టుకోవచ్చో లేదో తెలియదు.

సెక్రటరీ గారు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

"చెవి గోక్కుంటోంది" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. "నాకు కళ్ళు సరిగ్గా ఆనవు."

ఆవిడ జాకెట్టులోంచి పట్టుకారు తీసింది. అది లేకుండా ఎప్పుడూ బయటికి రాదు. చెవి మడిచి, వెలుగుకి తిప్పి, మూలలో దాక్కున్నదాన్ని చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగింది. బాబాయ్ అప్పటికే రేకుడబ్బా మూత తీసి ముందుకు చాపాడు. నూనెలో పడ్డ పిడుదు కాళ్ళు రెండుసార్లు ఆడించి ఆగిపోయింది. ముగ్గురూ డబ్బాలోకి వంగి, అది మళ్ళీ కదులుతుందేమోనని చాలాసేపు చూశారు. కదల్లేదు.

సెక్రటరీ గారు గొలుసు చేతికి చుట్టుకుని వెనక్కి తిరిగారు. నాలుగడుగులు వేశాక ఆగారు.

"రేపు గురువారం" అన్నారు. "నువ్వు పైకి రానక్కర్లేదు. నేనే కిందికి తీసుకొస్తాను."

లిఫ్టు తలుపు మూసుకుంది. కుక్కలమ్మ పట్టుకారు తుడుచుకుంటూ కూర్చుంది, తుడిచిందే తుడుస్తూ.

బాబాయ్ డబ్బా మూత బిగించి, అటూ ఇటూ చూసి, "ఆయన నిలబడలేరు పాపం, ఇంకో స్టూలు ఎక్కడైనా చూడాలి" అన్నాడు.